ధ్రువ సముద్రానికి నేను తెచ్చిన కరువు

మార్కాపురం డివిజన్‌కు స్టాఫ్ రిపోర్టరుగా చేరిన తొమ్మిదో ఏట, రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుందనగా, మార్చి మొదటి వారంలో ఒక సోమవారం రీజినల్ డెస్క్ నుంచి నాకొక పని అప్పగించారు. అంటార్కిటికా చుట్టూ ఉండే సముద్రం మీద వార్త రాయాలి. నా పరిధిలోవి మార్కాపురం, గిద్దలూరు, కంభం, దర్శి. వీటిలో దేనికీ సముద్రం లేదు. చాలా ఊళ్ళకు తాగునీళ్ళే లేవు.

స్టాఫ్ రిపోర్టరంటే మండల విలేకరులు పంపే వార్తలు సరిచూసి, ముఖ్యమైనవి తానే రాసి, సాయంత్రం ఆరులోపు డెస్క్‌కు చేర్చే మనిషి. డెస్క్ అంటే ఆ రాతను దిద్ది, శీర్షిక పెట్టి, పేజీలో కూర్చే సబ్ ఎడిటర్లు. మా డెస్క్ ఇన్‌చార్జి ప్రసాదరావు. వయసులో నాకంటే పన్నెండేళ్ళు చిన్న, హోదాలో పెద్ద. ఈ వార్తకు నన్నే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, నీళ్ళ వార్తలు మీకంటే బాగా ఎవరు రాస్తారన్నాడు. నిజానికి నా నైపుణ్యం నీళ్ళలో కాదు, నీళ్ళు లేకపోవడంలో. ఎండిన బోర్లు, రాని ట్యాంకర్లు, అడుగంటిన కంభం చెరువు, తాళాలు పడిన వలస ఊళ్ళు. ప్రతి వేసవీ ఒకే వార్తను తేదీ మార్చి రాస్తానని తోటి విలేకరులు అనేవారు. తేదీతో పాటు ఊరి పేరు కూడా మారుస్తానని నా సమాధానం.

వార్తకు కారణమైన అమ్మాయి పేరు నాగలక్ష్మి. గిద్దలూరు దగ్గర పల్లె. వేరే రాష్ట్రంలో ఒక సంస్థలో సముద్ర శాస్త్రం మీద పరిశోధన చేస్తోంది. రెండు నెలలు నౌకలో దక్షిణ ధ్రువం వైపు వెళ్ళి వచ్చి, నాలుగు రోజుల సెలవు మీద ఇంటికి వచ్చింది. తండ్రి తిరుపాలు గొర్రెలు మేపుతాడు.

పత్రికల్లో ఇలాంటి వార్తకు ఒక అచ్చు ఉంటుంది. మొదటి పేరాలో మారుమూల పల్లె, రెండో పేరాలో పడ్డ కష్టాలు, మూడో పేరాలో సాధించిన ఘనత, చివర తల్లిదండ్రుల ఆనందం. వీలుంటే ఫొటోలో ఒక గొర్రెపిల్ల. నేను గిద్దలూరు బస్సు దిగేసరికే నాలుగింటిలో మూడు పేరాలు తలలో తయారుగా ఉన్నాయి. మిగిలిన ఒక్క పేరా కోసమే ఆ అమ్మాయితో మాట్లాడాలి.

నాగలక్ష్మి ఓపికగా చెప్పింది. సముద్రపు నీళ్ళలో కంటికి కనిపించనంత చిన్న మొక్కలుంటాయి. వాటిని వృక్ష ప్లవకాలంటారు. ఎండ తగిలే పైనీళ్ళలో తేలుతూ, నేల మీద గడ్డి చేసే పనే అక్కడ చేస్తాయి. వాటిని క్రిల్ అనే రొయ్యల్లాంటి జీవులు మేస్తాయి. క్రిల్‌ను చేపలు, పెంగ్విన్లు, తిమింగలాలు తింటాయి. ధ్రువపు వేసవిలో పొద్దు దాదాపు గుంకదు కాబట్టి, మంచు కరిగే అంచుల వెంట ఈ మొక్కలు విపరీతంగా పెరుగుతాయి. నౌకను అనుకున్న చోట ఆపి, రకరకాల లోతుల నుంచి సీసాలతో నీళ్ళు తోడి, పలచటి కాగితం లాంటి వడపోత మీద వడగట్టి, అందులో పత్రహరితం ఎంతుందో కొలవడం ఆమె మొదటి పని. ఆ కొలత బట్టి ఆ నీళ్ళలో మొక్క ఎంతుందో తెలుస్తుంది.

రెండో పని ఇంకొకటి. అదే నీటిని వేరే సీసాల్లో పోసి, గుర్తుపట్టడానికి వీలైన కార్బన్ కొద్దిగా కలిపి, మూత బిగించి, నౌక పైతట్టున సముద్రపు నీళ్ళు పారే తొట్టిలో ఒక పగలూ రాత్రీ ఉంచుతారు. ఆ ఒక్క రోజులో మొక్కలు ఎంత కార్బన్‌ను తమ ఒంట్లోకి మార్చుకున్నాయో తర్వాత చూస్తారు. దాన్ని ప్రాథమిక ఉత్పాదకత అంటారు.

ఇప్పుడు ఇంత వివరంగా రాస్తున్నాను గానీ, ఆ రోజు సీసాల సంగతి ఆమె చెబుతున్నంతసేపూ నేను ఫొటో కోసం గొర్రెపిల్ల నిలకడగా నిలబడే క్షణానికి ఎదురుచూస్తున్నాను. అది నిలబడలేదు. ఆమె చెప్పింది మాత్రం యాంత్రికంగా ప్యాడ్‌లోకి ఎక్కింది. ఒక చోట, మంచు అంచుకు దగ్గరలో, పత్రహరితం బాగా తక్కువ కనిపించిందని ఆమె అన్నది. ఆ మాట నా చెవిన పడింది. తక్కువ అనే మాట ఎక్కడ వినిపించినా నాకు చెవులు నిక్కపొడుచుకునేవి. పాతికేళ్ళ అలవాటు. తక్కువంటే కరువు. ఆమె ఇంకేదో చెప్పింది. చివరలో, "మా నాయన బీడులో కంప కొట్టి చూసుకున్నట్లే సార్ ఇది" అన్నది. నేను "నాయన – కంప" అని రాసుకుని కింద గీత గీశాను.

బయల్దేరుతుంటే ఆమె అడిగింది. "సార్, వేసే ముందు ఒకసారి చూపిస్తారా? ఈ లెక్కలు ఇంకా పూర్తిగా తేలలేదు. మీకు అర్థం కావాలని చెప్పినాను."

రాసిన వార్తను అచ్చుకు ముందు ఎవరికీ చూపించకూడదనేది మా వృత్తిలో నియమం. చూపిస్తే ప్రతివాడూ తనకు నచ్చినట్లు మార్చమంటాడు. ఎమ్మెల్యేలకే చూపించలేదమ్మా అని కొంత గర్వంగానే చెప్పాను. ఆ రోజు నేను సరిగ్గా పాటించిన నియమం అదొక్కటే.

వార్త మరుసటి రోజు వచ్చింది. జోన్ పేజీలో, అంటే మా నాలుగైదు ఊళ్ళకు మాత్రమే అచ్చయ్యే పేజీలో వస్తుందనుకున్నాను. ప్రసాదరావు దాన్ని రాష్ట్రమంతా వెళ్ళే పేజీకి ఎక్కించాడు. "దక్షిణ ధ్రువ సముద్రానికీ కరువు" అని శీర్షిక. కింద "జిల్లా పరిశోధకురాలి హెచ్చరిక". సముద్రపు మేత అడుగంటిందని, తిమింగలాలు ఆకలితో అలమటించే రోజులు దగ్గర్లోనే ఉన్నాయని మూడో పేరా. ఆ తిమింగలాల వాక్యం డెస్క్‌వాళ్ళు చేర్చారని తర్వాత చాలామందికి చెప్పాను. నేనే రాశాను. రెండో పేరా "ముళ్ళకంపల నడుమ గడిచిన బాల్యం" అని మొదలవుతుంది. నాయన, కంప అన్న రెండు మాటల నుంచి నా కలం అంత బాల్యాన్ని పుట్టించింది.

స్టేట్ పేజీలో నా పేరుతో వార్త వచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. బస్టాండులో టీ తాగుతూ ఆ రోజంతా పేపరు మడత నా పేరు పైకి కనిపించేట్లు పెట్టుకుని తిరిగాను.

నాలుగు రోజులకు నాగలక్ష్మి ఫోన్ చేసింది. అప్పటికి సంస్థకు తిరిగి వెళ్ళింది. వార్త వాట్సాప్‌లో చేతులు మారి ఆమె గైడ్ దాకా పోయింది. గైడ్ అంటే ఆమె పరిశోధనను నడిపించే ప్రొఫెసరు. యాత్రలో తీసిన లెక్కలు సరిచూడకముందే బయట ప్రకటించకూడదని వాళ్ళ నియమం. అందులోనూ ఈ ప్రకటన తప్పు. లిఖితపూర్వకంగా వివరణ ఇమ్మన్నారు. వచ్చే యాత్రకు పేర్లు పదిహేను రోజుల్లో ఖరారవుతాయి. ఆమె పరిశోధన అదే చోట్లలో రెండో ఏడూ కొలిస్తేనే నిలుస్తుంది. నౌకలో చోటు పోతే మొదటి ఏడాది కొలతలు సగం పనిగా మిగిలిపోతాయి.

"నేను సముద్రానికి కరువొచ్చిందని చెప్పలేదు సార్" అన్నది. గొంతు పెంచలేదు.

"మీరు తక్కువని చెప్పినట్లు నా ప్యాడ్‌లో ఉందమ్మా" అన్నాను. విలేకరికి ప్యాడ్ కవచం లాంటిది. ఆమె చెప్పిన రెండు కొలతలూ అందులో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మొదటిది చిన్న అంకె, రెండోది పెద్దది. రెండింటికీ తేడా ఏమిటని నన్ను నేను అడగకుండానే, వార్తలో ఏదీ కల్పించలేదని ధైర్యంగా చెప్పాను. సరే సార్ అని పెట్టేసింది.

తర్వాతి గురువారం తిరుపాలు మార్కాపురం వచ్చాడు. గొర్రెలకు నట్టల మందు కోసం వచ్చానన్నాడు. చేతిలో మందు డబ్బా ఉంది, చంకలో నా వార్త ఉన్న పేపరూ ఉంది. మా ఆఫీసు మందుల షాపు మీద ఒక గది. గోడకు చెక్క చట్రం పలక ఒకటి వేలాడేది. మా ఊరి ఫ్యాక్టరీల్లో తయారయ్యే పలకే. ఆ రోజు పంపబోయే వార్తల జాబితాను దాని మీద బలపంతో రాసి, మధ్యాహ్నం రెండుకు డెస్క్‌కు ఫోన్‌లో చదివేవాణ్ణి. దాన్నే షెడ్యూలంటాము.

తిరుపాలు నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. కుర్చీ చూపిస్తే గోడవారగా బెంచీ మీద కూర్చున్నాడు.

"దీంట్లో ఏముందో చదువు సారూ. నాకు చదువు రాదు. మా పాపను చదవమంటే మడిచి పక్కన పెట్టింది."

చదివాను. రాసిన వార్తను పైకి చదవడం విలేకరులు సాధారణంగా చేయని పని. ఎందుకు చేయరో ఆ రోజు తెలిసింది. ముళ్ళకంపల బాల్యం దగ్గర ఆయన చెయ్యెత్తాడు.

"ఇదేంది? మా పాప కంపల్లో ఏడ పెరిగింది? సిమెంటు ఇల్లు మాది. నువ్వు వచ్చి కూర్చున్నావు గదా."

అది రాతలో వాడే మాట అన్నాను. ఆయన తల ఊపి, కానీయమన్నాడు. మేత అడుగంటింది అన్న దగ్గర మళ్ళీ ఆపాడు.

"మేత తక్కువుందని రాసినావు. మంద ఎంతుందో అడిగినావా?"

"మంద ఏంది అన్నా. అది సముద్రం."

"సముద్రంలో మేసేటివి లేవా?"

ఉన్నాయన్నాను. రొయ్యల్లాంటివి, గుంపులు గుంపులుగా ఉంటాయట అని, ఆమె చెప్పి నేను రాయకుండా వదిలేసిన సంగతి ఒప్పుకున్నాను.

"మరి అవి మేసినాక గడ్డి ఏడ కనపడతాది తమ్ముడా?"

సారు కాస్తా తమ్ముడు అయ్యేసరికి పాఠం మొదలైందని నాకు అర్థమయింది. ఆయన లేచి గోడ మీది పలక తీసుకున్నాడు. కంభం చెరువులో పూడిక, దర్శిలో బస్సుల కొరత, పొదిలి రోడ్డు గుంతలు అన్నిటినీ అరచేత్తో తుడిచేసి, బలపంతో ఒక గుండ్రం గీశాడు.

ఇది ఆయన వాళ్ళ తాత నుంచి నేర్చుకున్న పద్ధతట. ఒక బీడును మేపుకు మాట్లాడుకునే ముందు అందులో మంచం పట్టేంత జాగా చుట్టూ ముళ్ళకంప కొడతారు. మంద చుట్టూ మేస్తుంది, కంప లోపలికి మూతి పెట్టలేదు. నాలుగైదు రోజులాగి చూస్తారు. కంప బయట నేల గీకినట్లుంటుంది. లోపల గడ్డి ఎంత లేచిందో చూస్తేనే ఆ బీడు రోజుకు ఎంత మేత ఇస్తుందో తెలుస్తుంది. మోకాలెత్తు గడ్డి నిలబడి ఉన్న బీడును చూసి కొత్తవాళ్ళు సంబరపడతారని, అది ఎవరూ మేపక ముదిరిపోయిన గడ్డి కావచ్చని ఆయన చెప్పాడు. నేలకు అంటుకుపోయి కనిపించే బీడు మీదే రెండు మందలు ఒళ్ళు చేసి తిరగొచ్చు.

"నిలబడింది ఎంత అనేది ఒక లెక్క. పుట్టేది ఎంత అనేది ఇంకొక లెక్క. మా పాప సీసాకు బిరడా వేసి పెట్టేది ఎందుకనుకున్నావు? అది కంప కొట్టడం. అంత దూరం పోయి చేసేది ఇదేనా అని నేను నవ్వినాను. అవును నాయనా, ఇదే అనింది."

ప్యాడ్ తెరిచి చూశాను. చిన్న అంకె నిలబడిన గడ్డి. పెద్ద అంకె పుట్టే గడ్డి. ఆ చోట మొక్క తక్కువ కనిపించడానికి కారణం అది ఎంత వేగంగా పెరుగుతోందో అంతే వేగంగా మేతకు పోతుండటం. నేను కరువని రాసిన చోటు ఆమె యాత్రలో చూసిన మంచి బీళ్ళలో ఒకటి. ఆ సంగతిని ఆమె ఒకే వాక్యంలో, మా ప్రాంతం మాటల్లో చెప్పింది. దాన్ని నేను రాసుకుని, గీత కూడా గీసి, పేదరికం చేసి అచ్చు వేయించాను. నేను ఇంకే ప్రాంతం విలేకరినైనా అయ్యుంటే కంపంటే ఏమిటని అడిగి ఉండేవాణ్ణి. నాకు తెలుసనుకున్నాను.

తిరుపాలు పలకను తిరిగి గోడకు తగిలించాడు. "మా పాపను ఓడ ఎక్కనీయరంట. నువ్వు రాసిందే నువ్వు మళ్ళ తిప్పి రాయాల" అని, మందు డబ్బా తీసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

పత్రికలో తప్పు దిద్దడానికీ ఒక క్రమం ఉంది. విలేకరి ఏం తప్పు జరిగిందో, ఎందుకు జరిగిందో రాసి డెస్క్ ఇన్‌చార్జికి పంపాలి. అది సంజాయిషీ. ఆయన సమ్మతిస్తే సవరణ అని చిన్న పెట్టె కడతారు. వార్త స్టేట్ పేజీలో వస్తే ప్రధాన కార్యాలయం కూడా ఒప్పుకోవాలి. అన్నేళ్ళ సర్వీసులో నా పేరు మీద ఒక్క సవరణా లేదు. కొత్తగా చేరిన విలేకరులకు ఈ సంగతి నేనే చెప్పేవాణ్ణి, వాళ్ళు అడగకపోయినా.

ప్రసాదరావుకు సవరణ ఇష్టం లేదు.

"ఫాలో అప్ రాయండి సార్. 'ధ్రువ సముద్రంలో మేత పుష్కలం' అని పెడదాం. మొదటిది తప్పనక్కర్లేదు."

"ఆ అమ్మాయి ముందు కరువంది, వారానికే పుష్కలమంది అనుకుంటారు బాబూ. ఆమె అసలు అనలేదని రావాలి."

"రెండేళ్ళలో రిటైర్ అవుతున్నారు. ఇప్పుడెందుకు సార్ మీకిది?"

ఆ ఆలోచన నాకూ రాకపోలేదు. ఒక పూటంతా ఫాలో అప్ రాయడానికే కూర్చున్నాను కూడా. పుష్కలం అన్న మాట దాటి ముందుకు సాగలేదు. పుష్కలం మీద వార్త రాయడం నాకు అలవాటు లేదు. చివరికి తిరుపాలు గీసిన పలకను ఫొటో తీసి, కింద నాలుగు వాక్యాలు రాసి సంజాయిషీగా పంపాను. పది నిమిషాల్లో ప్రసాదరావు ఫోన్ చేశాడు. ఇంత సులువుగా ఉంటే మొదటిసారే ఎందుకు రాయలేదు సార్ అన్నాడు. దానికి సంజాయిషీలో గడి లేదు.

సవరణ శనివారం వచ్చింది. నౌకా యాత్ర పరిశోధకురాలు సముద్రంలో కరువుందని చెప్పలేదని, ఆమె వివరించిన రెండు కొలతల తేడాను విలేకరి గ్రహించలేదని, పొరపాటుకు చింతిస్తున్నామని ఉంది. కాకపోతే జోన్ పేజీలో వేశారు. తప్పు రాష్ట్రమంతా చదివింది, దిద్దుబాటు మార్కాపురం, గిద్దలూరు చదివాయి. బస్టాండు టీ కొట్టాయన నుంచి పలకల ఫ్యాక్టరీ మేనేజరు దాకా ఏంది సారూ గ్రహించలేదంట అని పలకరించినవాళ్ళే. నాగలక్ష్మి గైడ్ ఉండే ఊరికి మాత్రం ఆ పేజీ పోదు. నా పరువు ఎవరికీ పనికిరాకుండా పోయింది.

పేర్లు ఖరారు కావడానికి వారం రోజులే ఉన్నాయి. మళ్ళీ ఫోన్ చేశాను. ఒకే తప్పుకు రెండుసార్లు సవరణ అడిగిన విలేకరిని ఇంతవరకూ చూడలేదన్నాడు ప్రసాదరావు. ప్రధాన కార్యాలయానికి నేనే నేరుగా రాశాను. క్రమం ప్రకారం అలా రాయకూడదు. దానికి వేరే సంజాయిషీ ఇచ్చాను. మంగళవారం స్టేట్ పేజీలో, కింది మూలలో, అదే పెట్టె మళ్ళీ వచ్చింది. కత్తిరించి, ఫొటో తీసి, ఆమెకు పంపాను. చూశాను సార్, థాంక్స్ అని ఒక్క ముక్క వచ్చింది.

నెల దాటాక తిరుపాలు ఫోన్ చేసి జాబితాలో పేరు ఉందని చెప్పాడు. ఒక షరతు పెట్టారట. యాత్ర ముగిసి లెక్కలు అచ్చయ్యేదాకా ఆమె విలేకరులతో మాట్లాడకూడదు.

మరుసటి మార్చిలో ఆమె రెండో యాత్ర నుంచి వచ్చిందని తెలిసి, ప్రసాదరావు మళ్ళీ వార్త అడిగాడు. ఆమెను అడగకూడదు కనుక, గిద్దలూరు వెళ్ళినప్పుడు తిరుపాలును కలిశాను. మంద దగ్గరే ఉన్నాడు. ఈ ఏడు సముద్రంలో ఎట్లా ఉందట అన్నా అని మాటవరసకు అన్నట్లు అడిగాను.

"అన్నీ చెప్పింది" అన్నాడు. "నీకు చెప్పొద్దనింది."

వార్త పంపలేదు. పలక మీద షెడ్యూలులో ఆ ఒక్క గీత ఖాళీగా వదిలాను.

ఈ సంగతి నాకు నేర్పినవి రెండు. అచ్చుకు ముందు వార్త చూపించకూడదన్న నియమం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. కానీ నాకు అర్థమైంది ఇదీ అని నోటితో తిరిగి చెప్పి, ఎదుటి మనిషి చేత ఔననిపించుకోవడానికి ఆ నియమం అడ్డు రాదు. మిగిలిన సర్వీసంతా అలాగే చేశాను, దాంతో కొన్ని మంచి శీర్షికలు పోయాయి. రెండోది, ఎక్కడైనా ఏదైనా తక్కువుందని ఎవరైనా చెబితే, ఎంత పుడుతోంది, ఎంత మేస్తున్నారు అని కూడా అడగాలి. ఆ వేసవిలో పశుగ్రాసం కొరత మీద ఒక మండల విలేకరి పంపిన వార్తను ఈ రెండు ప్రశ్నలు రాసి వెనక్కి పంపాను. వారం తిరిగేసరికి జవాబులు తెచ్చాడు. ఆ ఊళ్ళో కొరత నిజంగానే ఉంది. అప్పుడు వేశాము.